ఫోన్, పావురం, పింగళ: అవధూత చెప్పిన 24 మంది గురువుల్లో మనం ఎవరం?

 

మూడు ఆదివారాలుగా మన ఛానెల్‌లో వీడియో రాలేదు. "గురువుగారూ, ఆరోగ్యం బాగుందా?" అని చాలామంది మెసేజ్ పెట్టారు. ఆరోగ్యం బాగానే ఉంది. గురువుగారూ అనే మాట మాత్రం వద్దు. పగలు పోచారంలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసుకుంటూ, సాయంత్రాలు భాగవతం నాలుగు పేజీలు చదివి, అర్థమైనంత మీకు చెప్పేవాణ్ణి నేను. అన్నా అంటే చాలు.

నిజానికి వీడియో రికార్డ్ అయింది. 42 నిమిషాలు. టాపిక్ మనోనిగ్రహం. లైటింగ్ బాగా కుదిరింది, ఎక్కడా తడబడలేదు కూడా. అయినా అప్‌లోడ్ చేయలేదు, చేయను. ఎందుకు చేయలేదో కెమెరా ముందు చెప్పబోతే గొంతు పట్టేసింది. అందుకే రాస్తున్నాను. కాస్త పెద్దదే అవుతుంది, ఓపిగ్గా చదవండి.

మా ఇల్లు ఎక్కడుంటుందో పాత వాళ్లకి తెలుసు. ఉప్పల్ రింగ్ రోడ్డు నుంచి వరంగల్ హైవే ఎక్కి, ఏళ్లుగా పూర్తికాని ఆ ఫ్లైఓవర్ పిల్లర్ల మధ్య నుంచి బోడుప్పల్, మేడిపల్లి, నారపల్లి దాటితే పోచారం. ఇన్ఫోసిస్ క్యాంపస్ వచ్చాక ఈ వైపు రూపమే మారిపోయింది. 2025 జనవరిలో దావోస్‌లో ఇదే క్యాంపస్‌కి ఇంకో 17 వేల ఉద్యోగాలు వస్తాయని ప్రకటించారు కూడా. ఇదే రోడ్డు మీద ముందుకు పోతే యాదగిరిగుట్ట. ఇంకా పోయి జనగామ దగ్గర పాలకుర్తి వైపు తిరిగితే బమ్మెర, పోతనగారి ఇంటిపేరులో ఉన్న ఊరు. అంటే భాగవతం, సాఫ్ట్‌వేర్ రెండూ మాకు ఒకటే రోడ్డు మీద ఉన్నాయన్నమాట.

మా నాన్న నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక ఫ్యాక్టరీలో 31 ఏళ్లు లేత్ మిషన్ మీద పని చేశారు. మేం నాచారంలోనే అద్దె ఇళ్లలో పెరిగాం. సైరన్ మోగితే షిఫ్ట్, మళ్లీ మోగితే ఇల్లు. మనిషి చేతులు ఇనుముకి అలవాటు పడ్డవి. స్మార్ట్‌ఫోన్ పట్టుకుంటే ఎక్కడ విరిగిపోతుందో అన్నట్టు రెండు చేతులతో పట్టుకుంటారు. అమ్మ 2021లో పోయింది. అప్పటినుంచి నాన్న మాతోనే ఉంటున్నారు. ఆ ఫోన్ కొనిచ్చింది నేనే. నా ప్రవచనాలు చూస్తారని.

ఇక్కడ ఒక మాట. ఫోన్ అంటే కలి స్వరూపం, దాన్ని తీసి బావిలో పారేయండి అని చెప్పే ప్రవచనాలు మీరు వినే ఉంటారు. ఫోన్‌లోనే వినుంటారు! నేను ఆ మాట అనలేను. 2020 ఏప్రిల్ 2, శ్రీరామనవమి. లాక్‌డౌన్. ఏటా మిథిలా స్టేడియంలో వేలమంది మధ్య జరిగే భద్రాచలం కల్యాణం, ఆ ఏడు భక్తులు లేకుండా గుడి లోపలే జరిగింది. మోకాళ్ల నొప్పులతో మంచం దిగలేని మా అమ్మ, ఫోన్‌ని స్టీలు డబ్బాకి ఆనించి పెట్టి, పళ్లెంలో తలంబ్రాలు పట్టుకుని కూర్చుంది. మాంగల్యధారణ వేళకి ఆ తలంబ్రాలు ఫోన్ మీద పోసింది. స్పీకర్ రంధ్రాల్లో బియ్యం గింజలు ఇరుక్కుంటే పిన్నుతో తీశాను. అమ్మ చూసిన ఆఖరి కల్యాణం అది. దాన్ని కలి అనమంటారా?

అలాగే యూపీఐ. 2016 ఏప్రిల్‌లో మొదలైనప్పుడు ఇది మన బండి మీద మిర్చి బజ్జీ దాకా వస్తుందని ఎవరనుకున్నారు? 2025 ఆగస్టు ఒక్క నెలలో దేశం మొత్తం మీద 2,000 కోట్ల లావాదేవీలు దాటాయి. ఉప్పల్‌లో నేను పూలు కొనే అవ్వకి చదువు రాదు. కానీ బుట్ట పక్కన చిన్న డబ్బా ఉంటుంది, "ఇరవై రూపాయలు అందాయి" అని అది చెప్పగానే తలూపుతుంది. చిల్లర లేదని చెప్పి ఐదు రూపాయలు ఎగ్గొట్టేవాళ్ల బాధ తప్పిందట ఆమెకి. తిరుమల 300 రూపాయల దర్శనం టికెట్ కోసం ఒకప్పుడు లైన్లో నిలబడేవాళ్లం, ఇప్పుడు ఆన్‌లైన్‌లో కోటా విడుదలైన నిమిషంలో వేలు సిద్ధంగా పెట్టుకుని కూర్చుంటున్నాం. (దొరకదు, అది వేరే సంగతి. దొరకనప్పుడు కనిపించే నకిలీ వెబ్‌సైట్లు ఇంకా వేరే సంగతి. టీటీడీ అధికారిక సైట్, యాప్ తప్ప ఇంకెక్కడా డబ్బు కట్టకండి.)

ఇన్ని చెప్పి, ఇప్పుడు అసలు విషయానికి వస్తాను.

ఆ రోజు శనివారం. మా ఆవిడ పిల్లల్ని తీసుకుని భువనగిరి పుట్టింటికి వెళ్లింది. ఇంట్లో నేను, నాన్న. శనివారం నాకు రికార్డింగ్ రోజు. నా గది తలుపు మీద ఒక కాగితం అంటించి ఉంటుంది, రెండేళ్లుగా ఉంది: "రికార్డింగ్ జరుగుతోంది. దయచేసి తలుపు కొట్టకండి." ఉదయం తొమ్మిదిన్నరకి లోపలికి వెళ్లాను.

ఆ తర్వాత కాసేపటికి నాన్నకి ఫోన్ వచ్చింది. నాన్న పేరు మీద వచ్చిన పార్శిల్‌లో మత్తుమందులు దొరికాయన్నారు. తర్వాత వీడియో కాల్. యూనిఫాం వేసుకున్న మనిషి, వెనకాల పోలీస్ స్టేషన్ బోర్డు. సుప్రీంకోర్టు ముద్ర ఉన్న కాగితం వాట్సాప్‌లో పంపారు. "నువ్వు డిజిటల్ అరెస్టులో ఉన్నావు. కెమెరా ముందు నుంచి కదలకూడదు. ఎవరికీ చెప్పకూడదు." అంతవరకు అయితే నాన్న తిట్టి పెట్టేసేవారేమో. 31 ఏళ్లు ఫ్యాక్టరీలో యూనియన్ గొడవలు చూసిన మనిషి. కానీ వాళ్లు తర్వాత చెప్పిన మాట వేరు: "నీ కొడుకు ఆధార్ కూడా ఇందులో ఉంది. నువ్వు సహకరించకపోతే ఈ రాత్రికే వాణ్ణి ఆఫీసు నుంచి తీసుకుపోతాం."

నాన్న షర్టు వేసుకున్నారు. ఇంట్లో ఎప్పుడూ బనియన్ మీదే ఉండే మనిషి, సీఐ సార్ ముందు అలా ఉండకూడదని, షర్టు వేసుకుని, మెడ దాకా గుండీలు పెట్టుకుని, మంచం అంచున కూర్చున్నారు.

నేను చూశాను. అది చెప్పకుండా దాటేయొచ్చు, కానీ చెప్పాలి. పదకొండింటికి నీళ్ల కోసం బయటికొచ్చాను. నాన్న గది తలుపు ఓరగా ఉంది. ఫోన్‌ని నీళ్ల సీసాకి ఆనించి, షర్టు వేసుకుని, నిటారుగా కూర్చుని మాట్లాడుతున్నారు. నన్ను చూసి చేత్తో "పో పో" అన్నట్టు సైగ చేశారు. నేనేమనుకున్నానో తెలుసా? ఊళ్లో బాబాయితో వీడియో కాల్ మాట్లాడుతున్నారు, పర్లేదు నేర్చుకున్నారు అనుకున్నాను. సంతోషపడ్డాను కూడా. బాటిల్ నింపుకుని మళ్లీ లోపలికి పోయి తలుపేసుకున్నాను.

ఒంటిగంటకి ఎడిటింగ్ మొదలుపెట్టాను. హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నాను. 23వ నిమిషం దగ్గర ఏకాగ్రత గురించి బాణాలు చేసే వాడి కథ చెప్తున్నాను. భాగవతంలో అవధూత ఇతన్ని కూడా గురువు అంటాడు. బాణం ములుకు మీద ఎంత మనసు పెట్టాడంటే, పక్కనుంచి రాజు మేళతాళాలతో ఊరేగింపుగా వెళ్లినా అతనికి తెలియలేదు. ఈ ముక్క చాలా బాగా చెప్పాను అనుకుంటూ వింటున్నాను. నా గొంతు వెనకాల ఇంకేదో సన్నగా వినిపిస్తోంది. ఫ్యాన్ చప్పుడేమో అనుకుని నాయిస్ రిడక్షన్ బటన్ మీదకి వేలు పోయింది. ఎందుకో నొక్కలేదు. సౌండ్ పెంచి మళ్లీ విన్నాను.

"లేదు సార్... లేదు సార్... ఇంట్ల ఎవ్వలు లేరు సార్."

నాన్న గొంతు.

నేను లేచి వెళ్లేటప్పటికీ ఆ కాల్ నడుస్తూనే ఉంది. మూడు గంటలకి పైగా. ఫోన్ లాక్కుని కట్ చేశాను. నాన్న నా చెయ్యి పట్టుకుని వణికిపోతున్నారు. "కట్ చేస్తివా? ఎందుకు కట్ చేస్తివిరా? నిన్ను పట్టుకపోతరు రా ఇగ!" అన్నారు. అప్పటికే రెండు సార్లుగా 95 వేలు పంపేశారు. సోమవారం బ్యాంకుకి వెళ్లి పీఎఫ్ డబ్బుతో వేసిన డిపాజిట్ కూడా తీస్తానని ఒప్పుకున్నారు.

వెంటనే 1930కి ఫోన్ చేశాం. ఈ నంబర్ ఇప్పుడే మీ ఫోన్‌లో, మీ అమ్మానాన్నల ఫోన్‌లో సేవ్ చేయండి, చదవడం ఆపి చేసినా సరే. డబ్బు పోయిన మొదటి గంటల్లో చెప్తే, అది ఖాతాలు మారుతూ పోయే దారిలో ఎక్కడో ఒకచోట ఆపగలుగుతారు. మాది 38 వేలు ఆగింది. అది తిరిగి రావాలి. మిగతాది పోయింది.

ఇంకొక్క విషయం సూటిగా చెప్పి మళ్లీ భాగవతంలోకి పోదాం. డిజిటల్ అరెస్ట్ అనేది మన చట్టంలో ఎక్కడా లేదు. ఏ పోలీసూ, సీబీఐ అయినా, ఈడీ అయినా, వీడియో కాల్‌లో అరెస్ట్ చేయరు, "వెరిఫికేషన్" కోసం డబ్బు వేయమని అడగరు. 2024 అక్టోబర్ 27న ప్రధానమంత్రి మన్ కీ బాత్‌లో ఇదే విషయం చెప్పారు. ఆగండి, ఆలోచించండి, ఆ తర్వాత చర్య తీసుకోండి అన్నారు. 2025లో సుప్రీంకోర్టు తనంతట తానే ఈ మోసాల మీద కేసు తీసుకుని, దర్యాప్తు సీబీఐకి అప్పగించింది. ఇదంతా నాకు ముందే తెలుసు. నాన్నకి తెలియదు. నేను ఎప్పుడూ చెప్పలేదు. 42 నిమిషాలు మనోనిగ్రహం చెప్పడానికి టైముంది, పది నిమిషాలు నాన్న పక్కన కూర్చుని ఇది చెప్పడానికి లేకపోయింది.

ఆ రాత్రి నిద్ర పట్టక ఏకాదశ స్కంధం తీశాను. మన తెలుగు భాగవతంలో ఈ స్కంధం పోతనగారు రాసింది కాదు, ఆయన శిష్యుడు వెలిగందల నారయ పూరించాడు. శ్రీకృష్ణుడు అవతారం చాలించే ముందు ఉద్ధవుడికి చేసిన ఉపదేశం అది. అందులో యదుమహారాజుకి ఒక అవధూత కనిపిస్తాడు. "నీకు ఇల్లు లేదు, పని లేదు, ఇంత ఆనందంగా ఎలా ఉన్నావయ్యా?" అని యదువు అడిగితే, నాకు 24 మంది గురువులు అంటాడు ఆయన. భూమి, గాలి, ఆకాశం, నీరు, నిప్పు దగ్గర మొదలుపెట్టి, చేప, జింక, మిడత, తేనెటీగ, కొండచిలువ దాకా. వీళ్లలో కొందరి దగ్గర ఎలా ఉండాలో నేర్చుకున్నాడు, కొందరి దగ్గర ఎలా ఉండకూడదో.

యూత్‌కి చెప్పేటప్పుడు నేను మామూలుగా మిడత, జింక, చేప చెప్పేవాణ్ణి. మంట రూపం చూసి మిడత, వేటగాడి పాట విని జింక, ఎరకి ఆశపడి చేప. ఒక్కొక్కదానికి ఒక్కొక్క ఇంద్రియం. మన చేతిలో ఉన్నదానిలో రూపం, శబ్దం, ఎర మూడూ ఉన్నాయి అంటే నవ్వేవారు. కొండచిలువ కదలకుండా పడి ఉండి నోటి దగ్గరికి వచ్చిందే తింటుంది, రీల్స్ చూసే మనలాగా అంటే ఇంకా నవ్వేవారు. (కొండచిలువకి అన్యాయం చేశాను లెండి. అది రాకపోయినా బాధపడదు, అందుకే గురువైంది. మనకి నెట్ రెండు నిమిషాలు ఆగితే ప్రాణం పోతుంది.)

ఆ రాత్రి ఆగిపోయింది మాత్రం వాటి దగ్గర కాదు. పావురం దగ్గర.

కథ మీకు తెలుసు. అడవిలో ఒక పావురాల జంట, గూడు, పిల్లలు. ఒకరోజు రెండూ మేతకి వెళ్లినప్పుడు వేటగాడు వల వేసి పిల్లల్ని పట్టాడు. తల్లి తిరిగొచ్చి పిల్లల ఏడుపు విని, ఏమీ ఆలోచించకుండా వలలో పడింది. తర్వాత తండ్రి పావురం వచ్చింది. పిల్లలు వలలో, భార్య వలలో. ఏడ్చి ఏడ్చి, కళ్ల ముందు వల కనిపిస్తూనే ఉన్నా, అది కూడా అందులో పడింది. వేటగాడికి పని చాలా తేలికైపోయింది.

గమనించండి. చేపకి ఎర కావాలి, జింకకి పాట కావాలి. తండ్రి పావురానికి ఏ ఎరా అక్కర్లేదు. దాని పిల్లల గొంతే ఎర. ఇవాళ మన ఫోన్లలో వల వేసేవాళ్లకి ఇది బాగా తెలుసు. లాటరీ తగిలింది అంటే మా నాన్న నవ్వేస్తారు. నీ కొడుకు పోతాడు అంటే షర్టు వేసుకుని కూర్చున్నారు.

అవధూత ఈ కథకి చెప్పే తాత్పర్యం అతి మమకారం వద్దని. నేను కూడా చాలాసార్లు అలాగే చెప్పాను. సంసారంలో అతిగా తగులుకుంటే పావురంలా అయిపోతామని. ఆ రాత్రి పక్క గదిలో నాన్న నిద్రలో కూడా "సార్, సార్" అంటుంటే, ఆ మాట నాకు గొంతు దిగలేదు. ఆ మనిషికి వెళ్లి ఏమని చెప్పను? "నాయినా, నీకు నా మీద మమకారం ఎక్కువైంది, అందుకే పోయాయి డబ్బులు" అననా?

పెద్దలు క్షమించాలి, శాస్త్రం తప్పని అనడం లేదు. ఆ కథ అవధూత చెప్పుకున్నది తన కోసం, ఇల్లు వదిలి నడిచిపోయే వాడి కోసం. ఇంట్లో ఉన్న మనం ఆ కథని వలలో పడ్డ పావురానికి వినిపించకూడదు. మనం అడగాల్సింది, అది ఏడుస్తున్నంతసేపూ చుట్టుపక్కల ఎవరూ లేరా అని. ఆ తండ్రి పావురం వెంటనే దూకలేదు కదా. చాలాసేపు ఏడ్చింది. ఎవరైనా పలకరించడానికి టైముంది. మా ఇంట్లో మూడు గంటలకి పైగా ఉంది. ఒక గోడ అవతల మనిషి ఉన్నాడు. ఆ మనిషి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఏకాగ్రత గురించి చెప్తున్నాడు.

రెండు రోజుల తర్వాత అడిగాను. "నాయినా, నన్నొక్కసారి పిలవకపోతివా? పక్కనే ఉన్న కదా."

"నువ్వే గదరా తలుపు కొట్టొద్దని రాసినవ్," అన్నారు. నిష్ఠూరంగా కాదు. మామూలుగా. ఫ్యాక్టరీలో బోర్డు మీద ఏం రాస్తే అది పాటించిన మనిషి.

ఇక పింగళ సంగతి. ఈమె కూడా అవధూత గురువే. విదేహ నగరంలో, అంటే మిథిలలో, ఒక వేశ్య. సాయంత్రం చక్కగా అలంకరించుకుని వాకిట్లో నిలబడుతుంది. దారిన పోయే ప్రతివాణ్ణీ చూసి, వీడు డబ్బున్నవాడేమో, వీడు వస్తాడేమో అనుకుంటుంది. వాడు వెళ్లిపోతాడు. ఇంకొకడు రావచ్చులే అనుకుంటుంది. లోపలికి వెళ్తుంది, పడుకోలేక మళ్లీ బయటికి వస్తుంది, మళ్లీ లోపలికి. అలా అర్ధరాత్రి అయిపోతుంది.

ఈ కథ చెప్పినప్పుడల్లా నేను మిమ్మల్ని చూపించేవాణ్ణి: "అర్ధరాత్రి దాకా ఫోన్ తీసి చూసి, పక్కన పెట్టి, మళ్లీ తీసేది మీరే!" అని. ఇప్పుడు నిజం చెప్తాను. పింగళని నేను. ఆదివారం వీడియో పెట్టిన రాత్రి నేను ఎన్నిసార్లు ఫోన్ తీస్తానో మా ఆవిడని అడగండి. వ్యూస్ ఎంత, గంటలో ఎంత పెరిగాయి, పోయిన వారం కంటే తక్కువా ఎక్కువా, ఎవడు డిస్‌లైక్ కొట్టాడు. దేవుడి కథ చెప్పి, దేవుణ్ణి వదిలేసి, వాకిట్లో నిలబడి దారిన పోయేవాళ్లని లెక్కపెట్టడం. థంబ్‌నెయిల్‌లో నా మొహానికి పెట్టే వెలుగు కూడా ఆవిడ అలంకారం లాంటిదే కదా. తలుపు మీద ఆ కాగితం ఎందుకు పుట్టింది? ఒకసారి నాన్న తలుపు కొట్టిన చప్పుడు వీడియోలో పడితే, ఎవరో "క్వాలిటీ బాలేదు" అన్నారు. అందుకు.

పింగళకి ఆ అర్ధరాత్రి ఒక విరక్తి కలుగుతుంది. ఎంతసేపని బయటివాళ్ల కోసం చూస్తాను, నా గుండెలోనే ఎప్పుడూ ఉన్నవాణ్ణి వదిలేసి, అనుకుంటుంది. ఆశ తెంచుకుని, లోపలికి వెళ్లి హాయిగా నిద్రపోతుంది. భాగవతం ఆవిడని తిట్టదు, ఎగతాళి చేయదు. గురువు అంటుంది. నాకిది పెద్ద ధైర్యం. నాకైతే అంత గొప్ప విరక్తి ఏమీ రాలేదు. వస్తే ఈ పోస్టు రాసేవాణ్ణే కాదు. ఇది కూడా ఎంతమంది చదివారో రాత్రి చూడాలనిపిస్తుంది. చూడకుండా ఉండగలనో లేదో తెలియదు.

ఆఖరిగా గాజుల అమ్మాయి. ఇంట్లో పెద్దవాళ్లు లేనప్పుడు పెళ్లిచూపులకి వాళ్లు వచ్చారు. వాళ్లకి అన్నం పెట్టాలి, బియ్యం లేవు, వడ్లు దంచుతోంది. దంచుతుంటే చేతి గాజులు గలగలమంటున్నాయి. ఇంట్లో బియ్యం కూడా లేవని బయట కూర్చున్నవాళ్లకి తెలిసిపోతుందని సిగ్గుపడి, ఒక్కొక్క గాజే తీసేసింది. చేతికి రెండేసి మిగిలాయి. అవీ చప్పుడే. ఇంకోటి తీస్తే ఒక్కొక్కటి మిగిలింది. చప్పుడు ఆగింది.

డిజిటల్ డిటాక్స్ గురించి చెప్పేవాళ్లందరికీ ఈ కథ చాలా ఇష్టం, నాకూ అంతే. నోటిఫికేషన్లు ఒక్కొక్కటే తీసేయండి అని చెప్పడానికి ఇంతకంటే మంచి కథ దొరకదు. షాపింగ్ యాప్ గాజు, క్రికెట్ స్కోరు గాజు, కాలేజీ గ్రూపు గాజు. నేనూ తీశాను. కానీ ఏ గాజు తీస్తున్నామో చూసుకోవాలి కదా! నేను తీసేసింది నాన్న తలుపు చప్పుడు. ఉంచుకుంది వ్యూస్ గంట.

ఇప్పుడు మా ఇంట్లో ఏం మారిందో చెప్తాను, పెద్దగా ఏం లేదు. నాన్న మొదట ఫోన్ తెచ్చి నా టేబుల్ మీద పెట్టేశారు. "నాకొద్దు ఇది. చిన్న నోకియా ఉంటది చూడు, బటన్లది, అది కొనియ్యి," అన్నారు. సరే అని కొనిచ్చాను. వారం వాడారు. ఎనిమిదో రోజు పొద్దున్నే వచ్చి నిలబడ్డారు. అడగడానికి మొహమాటపడుతున్నారు.

"ఆ ఫోన్ల మీ అమ్మది ఉన్నది రా," అన్నారు.

నాకు అర్థం కాలేదు. ఫోన్ తీసి చూపించారు. వాట్సాప్‌లో అమ్మ పంపిన వాయిస్ మెసేజ్‌లు, 2020వి. నాన్న సాయంత్రం దుకాణానికి వెళ్లినప్పుడు పంపినవి. "పాలు పట్టుకరా." "కరివేపాకు మర్చిపోకు." "ఎక్కడున్నవ్, చీకటైంది." ఒక్కొక్కటి మూడు సెకన్లు, నాలుగు సెకన్లు. నాన్న రోజూ పొద్దున వాటిని వింటారని నాకు ఇన్నాళ్లూ తెలియదు. అవధూత తేనెటీగని కూడా గురువు అన్నాడు. పెద్ద పువ్వు, చిన్న పువ్వు అని చూడకుండా ప్రతిదాంట్లోంచి సారం మాత్రమే తీసుకుంటుందని. ఇంత పెద్ద ఇంటర్నెట్‌లో నాన్న తీసుకున్న సారం ఆ నాలుగు సెకన్లు.

ఫోన్ మళ్లీ నాన్న దగ్గరే ఉంది. తెలియని నంబర్లు మోగకుండా సెట్టింగ్ పెట్టాం. యూపీఐకి చిన్న ఖాతా ఒకటి విడిగా పెట్టి, అందులో ఐదు వేలకి మించి ఉంచడం లేదు. డిపాజిట్ ఉన్న ఖాతాకి ఫోన్‌తో సంబంధం లేదు. మా ఇద్దరి మధ్యా ఒక మాట పెట్టుకున్నాం, నా పేరు చెప్పి ఎవరు బెదిరించినా ఆ మాట అడగాలని. ఆ మాట ఏంటో మీకు చెప్పను! మీ ఇంట్లో మీరు ఒకటి పెట్టుకోండి. అది ఫోన్‌లో టైప్ చేయకండి, ఎదురుగా కూర్చుని చెప్పండి. హాస్టళ్లలో, పీజీల్లో ఉండి చదువుతున్నవాళ్లు, అమెరికాలో ఉన్నవాళ్లు ఈసారి ఇంటికి వెళ్లినప్పుడు చేయండి. అప్పటిదాకా ఫోన్ చేసి ఈ పావురం కథైనా చెప్పండి. మమకారం ఎక్కువైందని కాకుండా, "నాకేదో అయిందని ఎవరైనా చెప్తే ముందు నాకే ఫోన్ చెయ్యి, నేను మీటింగ్‌లో ఉన్నా ఎత్తుతాను" అని. అన్నాక ఎత్తండి మరి.

తలుపు మీద కాగితం తీసేశాను. టేపు మరక ఇంకా పోలేదు.

ఈ ఆదివారం వీడియో వస్తుంది. టాపిక్ కపోత కథే. నిన్న రికార్డ్ చేశాను. కుక్కర్ విజిల్స్ ఉన్నాయి, కింద కూరగాయల బండి మైకు ఉంది. 17వ నిమిషం దగ్గర తలుపు చప్పుడు, ఆ తర్వాత ఒక గొంతు వినిపిస్తుంది: "అయిపోయిందా రా? చాయ్ పెట్టమంటవా?" నేను వద్దు అనలేదు. ఓ నాలుగు నిమిషాల గ్యాప్ తర్వాత మళ్లీ మొదలుపెట్టాను, మధ్యలో గ్లాసు కూడా ఫ్రేములో కనిపిస్తుంది. ఏదీ కట్ చేయలేదు.